ఏ పార్టు మార్చాలి, అత్తయ్యా?

కంప్యూటర్ ఆగిపోయి ఆ రోజుకి మూడో రోజు. అత్తగారు సరిగా అన్నం తిని కూడా మూడో రోజే!

పొద్దున్నే ఆరింటికల్లా రక్తపరీక్షల ల్యాబులో ఉండాలి కోడలు. ఆ రోజు ఎనభై మూడు మందికి సూది గుచ్చింది. అందులో ఒక పెద్దాయన సూదిని చూడగానే కళ్ళు తిరిగి ఆమె మీదే పడ్డాడు. ఆయన్ని లేపి కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, రక్తం పట్టిన గొట్టాలన్నిటికీ చీటీలు అంటించి, మధ్యాహ్నం రెండున్నరకి బస్సు దిగి మూడంతస్తుల మెట్లెక్కింది. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మొగుడున్నా, వాళ్ళుండే మేడకి మాత్రం లిఫ్టు లేదు. ఆ మెట్లెక్కినప్పుడల్లా నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలిసేది కాదు.

తలుపు తీసి చూస్తే ఏముంది... వంటింటి గట్టు మీద పొద్దున తను మూతలు పెట్టి వెళ్ళిన గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ముందుగదిలో నల్లగా చచ్చిపడున్న కంప్యూటర్ తెర ఎదురుగా, హెడ్‌ఫోను ఒళ్ళో పెట్టుకుని, గుమ్మానికి వీపు చేసి కూర్చుని ఉంది అత్తగారు. పక్కనే చుట్టూ కమ్మీలున్న చిన్న మంచంలో పద్నాలుగు నెలల బుజ్జిది నిద్రపోతోంది. ఆ మంచం పడగ్గదిలో ఉండాలి! ఎన్నిసార్లు అక్కడికి జరిపినా, మర్నాటికి మళ్ళీ కంప్యూటర్ పక్కకే వచ్చేసేది.

"అత్తయ్యా, అన్నం తినలేదేం?"

పలకలేదు.

"అత్తయ్యా... మిమ్మల్నే!"

తల కూడా తిప్పలేదు!

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదేం కొత్త కాదు. రెండేళ్ళుగా ఇంతే. వంటింట్లోంచి పిలిస్తే పలకదు, వెనకనుంచి పిలిస్తే పలకదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే మాత్రం, "ఎప్పుడొచ్చావమ్మా?" అని ఏమీ ఎరగనట్టు నవ్వుతుంది. ఆ నవ్వే కోడలి గుండెలో ముల్లులా దిగబడేది. ఇష్టం లేకపోతే మొహాన చెప్పొచ్చు కదా... ఇలా గాలికి వదిలేసినట్టు చూడడం ఎందుకు? తను ఈ ఇంట్లో మనిషి కాదా? పరాయిదా?

ఆ రోజూ అంతే. చరచరా వెళ్ళి ఎదురుగా నిలబడింది. అత్తగారు ఉలిక్కిపడి, "అరె, ఎప్పుడొచ్చావమ్మాయ్?" అంది.

"ఇందాకే! మీకు అన్నం సయించదు, నా మాట సయించదు... ఆ డబ్బా ఆగిపోతే మాత్రం సొంతవాళ్ళు పోయినట్టు కూర్చుంటారు!"

అత్తగారు ఆమె పెదవులకేసి చూస్తూ నెమ్మదిగా అంది. "అక్కడ నలుగురు నా కోసం ఎదురుచూస్తుంటారమ్మా... మూడు రోజులైంది. నాకేమైందో అనుకుంటారు."

ఆ నలుగురి సంగతి చెప్పాలి. ఆ కంప్యూటర్‌ని పెళ్ళికి ముందు లిఫ్టు మెకానిక్కు ఆటల కోసమే ఒక్కో పార్టూ ఏరి తెచ్చి సొంతంగా బిగించుకున్నాడు. తొమ్మిదేళ్ళైంది. పెళ్ళయ్యాక అతనికి తీరిక లేక దాని మీద దుమ్ము పేరుకుంది. నాలుగేళ్ళ కిందట తండ్రి పోయి తల్లి మాటాపలుకూ లేకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటే, ఏదో కాలక్షేపమని ఒకరోజు దాని ముందు కూర్చోబెట్టాడు. ఐదుగురు ఒక జట్టు, ఎదురుగా ఇంకో ఐదుగురు. పాడుబడ్డ భవనాల్లో తుపాకులు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవాలి. ఏ ముసలమ్మైనా, "రామ రామ, ఇదేం ఆట!" అని లేచిపోయేదే. ఆవిడ మాత్రం హెడ్‌ఫోను తగిలించుకుని అరగంట కదలకుండా విని, "ఒరేయ్, పైన మెట్ల మీద ఎవడో నడుస్తున్నాడురా" అంది. నిజంగానే నడుస్తున్నాడు!

ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఆవిడ. నూరు గొంతుల రొదలో ఒక్క గొంతుని పట్టుకునే చెవులు. రొట్టెల బట్టీలో పనిచేసే ఒకాయన, లారీ నడిపే ఒకాయన, రాత్రి డ్యూటీల నర్సమ్మ ఒకావిడ, బడి పిల్లలకి పొద్దుటి ఫలహారం వండే ఇంకొకావిడ... ముఖాలు ఎరగని ఆ నలుగురూ ఈవిడని జట్టులో కలుపుకున్నారు. 'ఆపరేటరమ్మ' అని పేరు పెట్టుకున్నారు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి, అందరికీ తీరిక దొరికే వేళ, ఆపరేటరమ్మ "ఎడమ పక్క ఒకడు, తలుపు వెనక ఇద్దరు" అని చెప్పాలి. వాళ్ళు వెళ్ళి కాల్చాలి. మొదట్లో ఎప్పుడూ వీళ్ళదే గెలుపు!

ఆ గొప్పంతా విని విని కోడలి చెవులు తూట్లు పడ్డాయి. ముఖం తెలియనివాళ్ళ అడుగుల చప్పుడు వినపడుతుందట... ఇంట్లో ఉన్న కోడలి కేక వినపడదట!

* * *

ఆదివారం పొద్దున ఆడపడుచు దిగింది. భర్తకి అక్క కాబట్టి కోడలికి వదిన. బజారు వీధిలో కంప్యూటర్ రిపేరు షాపు ఆవిడది. జడలో పువ్వుకి బదులు స్క్రూడ్రైవర్ గుచ్చుకునే రకం. వస్తూనే భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, డబ్బా పక్క రేకు ఊడదీసి, లోపలికి ఒక్క ఊదు ఊదింది. గుప్పుమని లేచిన దుమ్ము వెళ్ళి మూత తీసి ఉన్న పాలగిన్నెలో పడింది.

"వదినా! పాలు!" అని కోడలు పరిగెత్తింది.

"పాలదేముంది, మళ్ళీ కాయొచ్చు. దీని పరిస్థితి చూడు! పవర్ సప్లై అయిపోవచ్చింది. అందుకే మధ్యలో ఆగిపోతోంది. ఒరేయ్ తమ్ముడూ, నాతో చెప్పించుకోకు... ముందు దీనికి మెమొరీ పెంచాలి, పాత డిస్కు తీసేసి కొత్తది వెయ్యాలి. అప్పుడు చూడు, పరిగెడుతుంది."

"అబ్బే, మెమొరీతో ఏమవుతుందే అక్కా! గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే దానివల్లే," అన్నాడు లిఫ్టు మెకానిక్కు. తొమ్మిదేళ్ళ కిందట తనే బిగించిన కార్డుని ఒడిలో పెట్టుకుని, పాత స్నేహితుణ్ణి చూసినట్టు నిమురుతున్నాడు.

"కొత్త కార్డు పెడితే ఈ పాత ప్రాసెసర్ దానికి అందుకోవాలా వద్దా? అది మారిస్తే మదర్‌బోర్డు మార్చాలి. బోర్డు మారిస్తే మెమొరీ మొత్తం మార్చాలి. ఇంకేం మిగిలింది... డబ్బా రేకు!"

"రేకు నాకిష్టం. రేకు ఉంచుదాం."

"నీ మొహం!"

అక్కాతమ్ముళ్ళు గంటసేపు వాదించుకున్నారు. స్క్రూలు ఉప్పుడబ్బా మూతలో పోశారు. నేలమీద దోగాడుతూ వచ్చిన బుజ్జిది ఏదో తీగని నోట్లో పెట్టుకుంటే కోడలు లాక్కుంది. అది గుక్కపట్టింది. బల్ల మీద కూరగాయలు తరుక్కునే చోటు లేదు, పొయ్యి మీద అన్నం మాడు వాసన... ఆ ఇంట్లో తన బాధ విన్నవాళ్ళు ఒక్కరూ లేరు! ఆమె ఓర్పు పుటుక్కున తెగిపోయింది.

"ఏ పార్టూ మార్చొద్దు! పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యండి! ఈ డబ్బా మీద దుమ్ము దులిపాకే ఈ ఇంట్లో మనుషులకి మనుషులు అక్కర్లేకుండా పోయారు. పిలిస్తే పలికే దిక్కు లేదు. పిల్ల ఏడుస్తున్నా సరే, స్క్రూలే ముఖ్యం! నేను పొద్దున్నుంచీ ఎవరి కోసం చాకిరీ చేస్తున్నానండీ... ఎవరి కోసం!"

అక్కాతమ్ముళ్ళు చేతుల్లోవి బల్ల మీద పెట్టేశారు. అత్తగారు మాత్రం అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసి, కూతురి చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నట్టు అంది. "బొమ్మలు ఎలా కనపడినా నాకు ఫర్లేదే. చప్పుడు సరిగా వచ్చేట్టు చెయ్యి, చాలు. సౌండు పార్టు పాడైపోయింది. ఎన్నాళ్ళుగానో చెబుతున్నాను..."

"మూడు హెడ్‌ఫోన్లు మార్చానమ్మా నీకు!" వదిన విసుక్కుంది. "సౌండు బోర్డులోనే ఉంటుంది. అది బ్రహ్మాండంగా ఉంది."

చివరికి ఏ పార్టన్నది తేలలేదు. షాపులో ఉన్న వేరే పవర్ సప్లై తాత్కాలికంగా బిగించి, "వారం రోజులు ఆడి చూడు. ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చూసి అప్పుడు ఆ పార్టు మారుద్దాం" అని వదిన వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, "అమ్మకి ఉన్నది ఆ ఒక్క సరదా... దానికీ ఏడవాలా అమ్మాయ్?" అని ఒక మాట అననే అంది. ఆ మాటకి కోడలు వంటింట్లోకి వెళ్ళి, మాడిన గిన్నె తోముతూ తోముతూ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

* * *

బుధవారం ల్యాబులో పెద్ద మిషను మొరాయించింది. పన్నెండింటికల్లా అందరినీ ఇళ్ళకి పంపేశారు. కోడలు మెట్లెక్కి గుమ్మం చేరేసరికి లోపల తుపాకుల మోత వినిపించింది. పళ్ళు కొరుక్కుంటూ చప్పుడు చెయ్యకుండా తలుపు తీసి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగుతోంది. అక్కడికీ వినపడుతోంది... టక్... టక్... టక్... సిమెంటు నేల మీద బూట్ల చప్పుడు. దగ్గరకొస్తున్నట్టు స్పష్టంగా!

ముందుగదిలో అత్తగారు మైకులో అంటోంది. "ఉండండి నాయనా... ఏ చప్పుడూ లేదు... ఎడమ పక్కేననుకుంటా..."

కోడలి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

హెడ్‌ఫోను అత్తగారి చెవులకుంది. దానిలోంచి బయటికి తప్పించుకొచ్చిన చప్పుడు గోడ అవతల వంటింట్లో నిలబడ్డ తనకే ఇంత బాగా వినపడుతుంటే... చెవులకి ఆనించుకున్న మనిషికి వినపడకపోవడమేమిటి?

ఆట అయిపోయింది. ఓడిపోయారు. అత్తగారు హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. కోడలు వెళ్ళి సరిగ్గా ఆవిడ వెనక రెండడుగుల దూరంలో నిలబడింది.

"అత్తయ్యా..."

పలకలేదు.

"అత్తయ్యా, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి!"

కదల్లేదు.

"అత్తయ్యా, ఇల్లంతా గ్యాసు వాసన వస్తోంది!" ఈసారి అరిచింది.

ఆ అరుపుకి బుజ్జిది నిద్రలో కదిలి, సన్నగా మూలిగింది. అంతే! అత్తగారు తటాలున లేచి, పిల్ల మంచం మీదకి వంగి, "ఉందిలే తల్లీ, నానమ్మ ఉందిలే" అని జో కొట్టసాగింది. తన కేక వినపడనిది, పిల్ల మూలుగు ఎలా వినపడింది?

అప్పుడు చూసింది. ఊదారంగు ఊలు దారం... ఒక కొస పిల్ల నడుముకున్న చొక్కా పట్టీకి కట్టి ఉంది. రెండో కొస అత్తగారి ఎడమ మణికట్టుకి! పిల్ల కదిలితే దారం లాగుతుంది. మణికట్టు మీద ఆ దారం ఒరుసుకుని ఒరుసుకుని చర్మం నల్లగా కమిలిపోయింది.

ఎంతకాలంగా? ఎన్ని నెలలుగా ఈ దారం?

కోడలు ముందుకు వచ్చింది. ఆమెని చూసి అత్తగారి ముఖం పాలిపోయింది. చెయ్యి చీర కొంగు కింద దాచుకోబోయింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"మీకు చెవులు వినపడవు!"

అత్తగారు ఆమె పెదవుల్ని చదివింది. కళ్ళు దించేసుకుంది.

"నా బిడ్డని మీకు అప్పగించి వెళుతున్నాను అత్తయ్యా! రోజుకి ఎనిమిది గంటలు! దారం తెగిపోతే? ముడి ఊడిపోతే? దాని గొంతులో ఏదైనా అడ్డం పడి కదలకుండా పడుంటే? ఎంత పని చేశారు... ఎంత పని చేశారు మీరు!" కోపమో, భయమో, ఏడుపో ఆమెకే తెలియలేదు. అన్నీ కలిసి ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"మొదట్లో కుడిచెవి ఒక్కటే అమ్మాయ్..." అత్తగారు మెల్లగా అంది. "ఎక్స్ఛేంజిలో ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకునేదాన్ని. పోనీలే, ఎడమది ఉందిగా అనుకున్నాను. తర్వాత అదీ... హెడ్‌ఫోనే పాడైందని నాకు నేనే చెప్పుకున్నాను. మూడుసార్లు మార్పించాను కూడా. నీ బిడ్డ మీద నుంచి ఒక్క నిమిషం కన్ను తిప్పలేదమ్మా. స్నానానికి కూడా నువ్వొచ్చాకే వెళ్ళేదాన్ని. పోయిన వారం నుంచి అది మంచం కమ్మీలు పట్టుకుని ఎక్కబోతోంది. అన్నం వడ్డించుకోవడానికి వంటింట్లోకి వెళ్తే అది కనపడదని, తినడమే మానేశాను..."

కోడలు వంటింటి గట్టుకేసి చూసింది. మూతలు తీయని ఆ గిన్నెలు! అలిగి తినలేదనుకుంది తను!

"మరి ఆట? ఆ తెర చూస్తూ పిల్లనెలా..."

"అది మెలకువగా ఉంటే దాన్ని చూసుకుంటాను. నిద్రపోతేనే ఆట. అందుకేగా మంచం ఇక్కడికి లాక్కొచ్చేది... నువ్వు విసుక్కుంటావని తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఉద్యోగం మానేస్తావు!" ఆ మాట అంటున్నప్పుడు మాత్రం అత్తగారి గొంతు గట్టిగా పలికింది. "నాకు తెలీదూ? నా పెద్దది పుట్టినప్పుడు పిల్లని చూసేవాళ్ళు లేక నేను ఎక్స్ఛేంజిలో పని మానేశాను. మా అత్తగారు, 'నా వల్ల కాదు, నీ బిడ్డ నీ ఇష్టం' అన్నారు. తొమ్మిదేళ్ళు... మళ్ళీ చేరేసరికి నా వెనక వచ్చినవాళ్ళంతా నాకు పై అధికార్లు. ఆ తొమ్మిదేళ్ళూ నేను ఇంట్లో కూర్చుని పిల్లతో పాటు ఏడ్చాను. ఆ గతి నా కోడలికి పట్టకూడదని... నువ్వు గుమ్మం దాటి పనికి వెళ్తుంటే నేనే వెళ్తున్నట్టుంటుందమ్మా నాకు."

కోడలు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర కూర్చుంది. రెండేళ్ళుగా మనసులో కూడబెట్టుకున్న కోపమంతా... ఎవరి మీద? వినపడని మనిషి మీద! "పలకదు, పలకదు" అని ఎంతమందికి చెప్పుకుంది! అత్తగారి ఒళ్ళో తల పెట్టి బావురుమంది. అత్తగారికి ఆ ఏడుపు వినపడలేదు కానీ, మోకాళ్ళ మీద చీర తడుస్తుంటే తెలిసింది. కోడలి తల నిమురుతూ ఉండిపోయింది.

* * *

సాయంత్రం లిఫ్టు మెకానిక్కు ఇల్లు చేరగానే కోడలు విరుచుకుపడింది.

"కన్నతల్లికి చెవులు పోతే మీకు తెలీలేదు! ఊళ్ళో ఏ లిఫ్టు ఎక్కడ కిరకిరలాడినా తెలుస్తుంది!"

"నీకూ తెలీలేదుగా..." అనబోయి, భార్య కళ్ళు చూసి ఆగిపోయాడు. తర్వాత తల్లి పక్కన కూర్చుని ఆవిడ మణికట్టు చూశాడు. లేచి వసారాలోకి వెళ్ళి, కాసేపటిదాకా లోపలికి రాలేదు.

కోడలు వారం రోజులు సెలవు పెట్టింది. తన ల్యాబు పైఅంతస్తులోనే చెవుల పరీక్ష చేస్తారు. దగ్గరుండి తీసుకెళ్ళింది. చెవి నరాల బలహీనత, మామూలు మాటలకి వినికిడి మిషన్లు సాయం చేస్తాయి గానీ పాత చెవులు తిరిగిరావని డాక్టరమ్మ చెప్పింది. రెండు చెవులకీ మిషన్లు పెట్టించారు. ఎదురుగా నిలబడి, తాపీగా మాట్లాడితే అత్తగారికి అర్థమవుతోంది. రొదలో మాత్రం అంతా కలగాపులగమే. పిల్ల కదిలినా ఏడ్చినా చేతికి కట్టుకున్న పట్టీ అదిరే పరికరం ఒకటి వదిన తెచ్చింది. కోడలు దాన్ని రోజుకి పదిసార్లు పరీక్షించి చూసింది. మధ్యాహ్నం ఒక గంటసేపు వచ్చి కూర్చోవడానికి కింది వాటాలో ఉన్న, బట్టలు కుట్టే ఆవిడని ఒప్పించింది. అత్తగారి భోజనం ఆ గంటలోనే. అప్పటికిగానీ ఆమె మనసు కుదుటపడలేదు.

కానీ అత్తగారు కంప్యూటర్ జోలికి వెళ్ళడం మానేసింది. దాని మీద గుడ్డ కప్పేసింది.

"ఆడరేం అత్తయ్యా?"

"వాళ్ళని మోసం చేశానమ్మా ఇన్నాళ్ళూ. వినపడకపోయినా వినపడినట్టు... నోటికొచ్చిన వైపు చెప్పేదాన్ని. ఇంకెందుకులే. నువ్వన్నట్టు దాన్ని ఇనప సామాన్లకి ఇచ్చెయ్యండి."

తను అన్న మాట తనకే తగిలి కోడలు తలవంచుకుంది. మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చునే మనిషిలా మారిపోతోంది అత్తగారు... ఉండబట్టలేక తిన్నగా వదిన షాపుకి వెళ్ళింది. తల్లి సంగతి తెలిసినప్పటి నుంచి వదిన ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. గుమ్మంలో ఆనాడు అన్న మాట గుర్తొచ్చినట్టుంది, మరదలిని చూడగానే స్టూలు మీద దుమ్ము కొంగుతోనే తుడిచింది.

"వదినా, చెవులు లేకుండా ఆ ఆట ఆడలేరా?"

వదిన ఆలోచించింది. "ఆటలో కొత్త రకం వచ్చింది. అందులో చప్పుడు ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు తెర అంచు మీద గుర్తు వెలుగుతుంది. అడుగులకి ఒక గుర్తు, తుపాకీకి ఒక గుర్తు... చెవుడున్నవాళ్ళ కోసమే పెట్టారు. కానీ మన పాత కార్డు దాన్ని మొయ్యలేదు. మెమొరీ పెంచినా లాభం లేదు."

"అయితే గ్రాఫిక్స్ కార్డే మార్చండి."

"ఆ పాత ప్రాసెసర్..."

"దానితో సర్దుకుంటుందా, లేదా? అది చెప్పండి!"

"కాస్త ఆయాసపడుతుంది... సర్దుకుంటుంది."

"ఈ ఇంట్లో అందరం అలాగే సర్దుకుంటున్నాం. కార్డు మార్చండి వదినా!"

ఆ సంగతి విని లిఫ్టు మెకానిక్కు, "నేను మొదటిరోజే చెప్పానా లేదా!" అని ఎగిరి గంతేశాడు. భార్య చూసిన చూపుకి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

* * *

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి, కొత్త కార్డుతో కంప్యూటర్ తెర వెలిగింది. అత్తగారు హెడ్‌ఫోను పెట్టుకోలేదు. స్పీకర్లు పెట్టారు. రొదలో ఆవిడకి మాటలు అర్థం కావు కాబట్టి కోడలు పక్కనే కుర్చీ వేసుకుని, వాళ్ళు అన్నది అన్నట్టు చెవి దగ్గర చెప్పాలని ఒప్పందం.

"ముందు వాళ్ళకి నిజం చెబుతాను. ఆ తర్వాత ఉంచుకుంటారో, పొమ్మంటారో వాళ్ళ ఇష్టం," అంది అత్తగారు. మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "నాయనా... అమ్మా... నేను ఆపరేటరమ్మని. నాకు చెవులు పోయాయి. ఇప్పుడు కాదు, చాలాకాలమైంది. ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి..."

అత్తగారు కోడలి ముఖంలోకి చూస్తోంది. "ఏమంటున్నారు? పొమ్మంటున్నారా?"

"ఇంకా ఏమీ అనలేదత్తయ్యా..."

అప్పుడు గరగరలాడే మగ గొంతు ఒకటి పలికింది. లారీ ఆయన. "మాకు తెలుసు పిన్నిగారూ."

కోడలు అత్తగారి చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది. "వాళ్ళకి తెలుసంట."

"ఏడు నెలలుగా తెలుసు," నర్సమ్మ అందుకుంది. "మా వార్డులో ఇలాంటివాళ్ళని చూస్తుంటాను కదా. మీరు ఎడమ అంటే కుడి నుంచి వచ్చేవాడు. వీళ్ళకి నేనే చెప్పాను."

"మరి... మరి నేను చెప్పిన వైపే వెళ్ళేవారు కదా!" కోడలు చెప్పింది విని అత్తగారు తెల్లబోయింది.

"వెళ్ళేవాళ్ళమే!" అన్నాడు రొట్టెల బట్టీ ఆయన. "మీరు చెప్పాక వెళ్ళకపోతే మీకు తెలిసిపోదూ? మీరు మానేస్తారని భయం. ఓడిపోతే ఏముంది, ఆటే కదా."

ఆ మాట అత్తగారికి అందించడం కోడలి వల్ల కాలేదు. మొదలుపెట్టి ఆగిపోయింది. ఏనాడూ ముఖం చూడని వాళ్ళు, ఎక్కడో కూర్చుని, ఈవిడకి వినపడడం లేదని ఏడు నెలల కిందటే కనిపెట్టారు... కనిపెట్టి, ఈవిడ మనసు నొచ్చుకుంటుందని కావాలని ఓడిపోయారు! అదే ఇంట్లో, అదే గదిలో తిరుగుతూ తనేం చేసింది? పొగరనుకుంది.

"ఏమన్నారే? చెప్పవే!" అత్తగారు ఆమె భుజం పట్టి కుదిపింది.

కోడలు కళ్ళు తుడుచుకుని, ఒక్కో మాటా విడమర్చి చెప్పింది. "మీరు మానేస్తారని... భయపడి... తెలిసి తెలిసి మీరు చెప్పిన వైపే వెళ్ళేవారట అత్తయ్యా."

అత్తగారి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అంతలోనే మైకు దగ్గరికి లాక్కుని ఒక్క కసురు కసిరింది. "ఏడు నెలలు నా మూలంగా రోజూ చచ్చారా! బుద్ధుందా మీకు! ఒక్కళ్ళైనా నోరు తెరిచి చెప్పొద్దూ!"

నలుగురూ ఒక్కసారి గొల్లున నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ లిఫ్టు మెకానిక్కు, వదిన కూడా నవ్వేశారు.

"నవ్వుతున్నారత్తయ్యా!"

"నవ్వుతారు, నవ్వక! ఇవాళ ఓడితే చెబుతాను ఒక్కొక్కరి సంగతి. మొదలుపెట్టండి!"

ఆట మొదలైంది. పాడుబడ్డ భవనం, చీకటి వరండా, పగిలిన కిటికీలు. అత్తగారు ముందుకు వంగి, కళ్ళు చిట్లించి, తెర అంచులకేసి రెప్ప వేయకుండా చూస్తోంది. ఒక మూల చిన్న తెల్లటి గుర్తు మిణుకుమంది. ఒకటి... వెంటనే రెండోది.

"కుడి పక్క! మెట్ల కింద, ఇద్దరు! కదలండి నాయనా, కదలండి!"

కోడలు చెవులు రిక్కించింది. టక్... టక్... అడుగుల చప్పుడు కుడివైపు నుంచే వస్తోంది.